దుబాయ్ కంపెనీ ఫైనల్ సెటిల్‌మెంట్: 2,340 దిర్హాములకు సంతకం పెట్టమంటున్నరు, లెక్క కరెక్టేనా?

జగిత్యాల_బావ:

అందరికీ నమస్తే. మా బామ్మర్ది లెక్క ఒకసారి చూసి చెప్పుండ్రి.

దుబాయ్ మెయిన్‌ల్యాండ్ (ఫ్రీజోన్ల బయటి మామూలు) కంపెనీ, ఎలక్ట్రీషియన్ పని. 2019 మార్చి 1న చేరిండు. జూలై 31న హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి నెల నోటీసు ఇచ్చిండు. ఆఖరి డ్యూటీ 2025 ఆగస్టు 31. బేసిక్ 1,200, ఫుడ్ 300, రూమ్ కంపెనీదే. మధ్యల ఇంటికి వచ్చినప్పుడు 60 రోజులు జీతం లేని సెలవు పడ్డది. వాడుకోని లీవు 45 రోజులు ఉంది. జూన్, జూలై ఓటీ (ఓవర్‌టైం) 96 గంటలు పడలేదు, ఆగస్టు జీతం కూడా పడలేదు.

కంపెనీ ఇచ్చిన కాగితం ఇట్ల ఉంది: గ్రాట్యుటీ (పని ముగిసినంక సర్వీసుకు ఇచ్చే పైసలు) 6 ఏండ్లు × 21 రోజులు = 126 రోజులు, రోజుకు 40 చొప్పున 5,040. అందులకెల్లి వీసా ఖర్చు 1,800, టికెట్ 900 కోత. చేతికి 2,340. కింద అరబ్బీల, ఇంగ్లీషుల "నాకు రావాల్సినయి అన్నీ ముట్టినయి" అని రాసి ఉంది. సంతకం పెడితేనే వీసా క్యాన్సిల్ చేస్తరట, పైసలు తర్వాత కార్డుల వేస్తరట.

రూమ్‌ల ఉన్నోళ్లేమో "రిజైన్ చేసినోనికి మూడింట రెండొంతులే వస్తది, ఇచ్చిన కాడికి తీస్కో" అంటున్నరు. అసలు ఎంత రావాలె? సంతకం పెట్టాల్నా వద్దా?

లెక్కలమాస్టారు:

సంతకం సంగతి మిగతావాళ్లు చెబుతారు, ముందు లెక్క చూద్దాం.

ఎమిరేట్స్‌లో ఇప్పుడు నడిచేది 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ఏడాది సర్వీసు దాటితే గ్రాట్యుటీ హక్కు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఐదు దాటాక ప్రతి ఏడాదికీ 30 రోజుల బేసిక్. ఏడాది నిండని ముక్కకు కూడా రోజుల లెక్కన ఇవ్వాలి. మొత్తం కలిపి రెండేళ్ల జీతం దాటకూడదు, మీకు ఆ ఇబ్బంది లేదు. లెక్క కట్టేది ఆఖరి బేసిక్ మీద. ఫుడ్, రూమ్, ఇతర అలవెన్సులు ఇందులోకి రావు.

కంపెనీ రెండు చోట్ల తప్పు చేసింది. ఐదేళ్లు దాటాక కూడా 21 రోజులే వేసింది. ఆరేళ్ల మీద ఉన్న ఆరు నెలల్ని వదిలేసింది.

2019 మార్చి 1 నుంచి 2025 ఆగస్టు 31 దాకా 2,376 రోజులు. మధ్యలో 2020, 2024 రెండూ లీపు సంవత్సరాలే, చేత్తో లెక్కేసేటప్పుడు చాలామంది ఆ రెండు రోజులు మరిచిపోతారు. జీతం లేని 60 రోజులు సర్వీసులోకి రావు, అవి తీసేస్తే 2,316. ఇందులో మొదటి 1,825 రోజులు ఐదేళ్లు: 105 రోజుల బేసిక్. మిగిలింది 491 రోజులు: 491 ÷ 365 × 30 = 40.36. మొత్తం 145.36 రోజులు. రోజు బేసిక్ 1,200 ÷ 30 = 40. గ్రాట్యుటీ 5,814 దిర్హాములు.

60 రోజుల సంగతి మీరు దాచకుండా చెప్పారు, మంచిది. కంపెనీ కాగితంలో దాని ఊసే లేదు. ఆరు నెలలు ఏకంగా ఎగ్గొట్టాక ఇక రెండు నెలలు వెతకాల్సిన పని వాళ్లకు లేకపోయింది.

వాడుకోని లీవుకు కూడా బేసిక్ మీదే డబ్బు: 45 × 40 = 1,800.

ఓటీకి గంట రేటు బేసిక్‌ను 30తో, తర్వాత 8తో భాగిస్తే వస్తుంది, అంటే 5 దిర్హాములు. మామూలు ఓటీకి దాని మీద 25 శాతం ఎక్కువ, 6.25. 96 గంటలకు 600. ఇందులో రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య చేసిన గంటలుంటే వాటికి 50 శాతం ఎక్కువ, 7.50 పడుతుంది. షిఫ్టు పద్ధతిలో పనిచేసేవాళ్లకు ఈ రాత్రి రేటు లేదు, అది చూసుకోండి.

ఆగస్టు జీతం 1,500.

అన్నీ కలిపితే 9,714. వాళ్లు ఇస్తామన్నది 2,340.

సోనాపూర్_సీనియర్:

మాస్టారు లెక్క కరెక్ట్. రూమోళ్ల "మూడింట రెండొంతులు" ఎక్కడిదో చెప్త. ఎమిరేట్స్ పాత చట్టంల ఉండేది: రిజైన్ చేస్తే మూడేండ్ల లోపు మూడింట ఒకటి, మూడు నుంచి ఐదేండ్లకు మూడింట రెండు, ఐదు దాటితే పూర్తి. అంటే పాత లెక్క చూసినా ఆరున్నర ఏండ్లోనికి కోత లేదు. కొత్త చట్టంల ఆ కోతే తీసేసిండ్రు. రిజైన్ చేసినా, కంపెనీ తీసేసినా గ్రాట్యుటీ ఒక్కటే.

ఇంకోటి, సౌదీల ఇప్పటికీ ఆ కోతలున్నయి. అక్కడ రిజైన్ చేస్తే రెండేండ్ల లోపు సున్నా, రెండు నుంచి ఐదు దాకా మూడింట ఒకటి, ఐదు నుంచి పదేండ్ల దాకా మూడింట రెండు, పది దాటితే పూర్తి. అక్కడి లెక్క వేరే: మొదటి ఐదేండ్లకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాత ఏడాదికి నెల జీతం. కువైట్ల కూడా రిజైన్ చేస్తే మూడేండ్ల నుంచి ఐదేండ్ల దాకా సగం, ఐదు నుంచి పది దాకా మూడింట రెండు. సౌదీల పనిచేసి దుబాయ్ వచ్చినోడు అదే లెక్క ఇక్కడ చెప్తడు, పక్కమంచపోడు నమ్ముతడు. హెచ్ఆర్ వాళ్లకు ఇది బాగ కలిసొస్తది.

తూ_గో_జి:

కోతల సంగతి చెబుతానండి.

వీసా ఖర్చు 1,800 కోయడానికి లేదు. పనివాణ్ణి రప్పించుకోడానికీ, పెట్టుకోడానికీ అయిన ఖర్చు పనివాడి నెత్తిన వేయకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. నేరుగా గానీ, జీతంలో విరిచి గానీ కూడదు. "రెండేళ్ల కాంట్రాక్టు మధ్యలో మానేశావు, మిగిలిన వీసా కాలానికి కట్టు" అని కూడా అంటారు. నోటీసు ఇచ్చి పనిచేసి వెళ్లేవాడికి అది వర్తించదు. నోటీసు ఇవ్వకుండా వెళ్తే మాత్రం ఆ నోటీసు రోజుల జీతం కంపెనీ అడగొచ్చు. మీవాడు నెల ఇచ్చాడు. కాంట్రాక్టులో నోటీసు ఎన్ని రోజులని రాసుందో మాత్రం చూడండి, 30 నుంచి 90 రోజుల మధ్య ఎంతైనా రాసుకోవచ్చు. 60 అని ఉంటే ముప్పై రోజుల జీతం దగ్గర పేచీ వస్తుంది.

టికెట్ 900 గురించి మాత్రం కచ్చితంగా "కోయకూడదు" అనలేనండి. తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీదే. కానీ ఇంకో కంపెనీలో చేరినా, పని ముగియడానికి కారణం పనివాడిదే అయినా, ఆ ఖర్చు పనివాడిది. రాజీనామా ఇందులోకి వస్తుందా లేదా అన్న దగ్గర వాదన నడుస్తుంది. ఆఫర్ లెటర్‌లో టికెట్ గురించి విడిగా రాసుంటే అదే మీ బలం. అది లేకపోతే ఈ 900 కోసం మొత్తం సెటిల్‌మెంట్ ఆపుకోవద్దు.

చట్టప్రకారం కోయగలిగినవి కూడా ఉన్నాయి: మీరు తీసుకున్న అప్పు, పొరపాటున ఎక్కువ పడిన జీతం, కోర్టు ఆర్డరు లాంటివి. నిరుద్యోగ బీమా కట్టకపోతే పడే 400 దిర్హాముల జరిమానా కూడా ఉద్యోగం ముగిసేటప్పుడు విరగ్గోయొచ్చు. ఆ బీమా నెలకు 5 దిర్హాములే. 12 నెలలు వరసగా కట్టి ఉండి, కంపెనీ తీసేస్తే మూడు నెలల దాకా బేసిక్‌లో 60 శాతం ఇస్తారు. రాజీనామా చేస్తే రాదు కాబట్టి మీవాడికి ఆ ఆశ లేదు, జరిమానా ఉందో లేదో మాత్రం చూసుకోమనండి.

సోనాపూర్_సీనియర్:

సంతకం ముచ్చట: పైసలు ఖాతాల పడేదాక పెట్టొద్దు. "అన్నీ ముట్టినయి" కాగితం మీద సంతకం, క్యాన్సిలేషన్ ఫారం మీద సంతకం రెండు వేర్వేరు అనుకుంటరు మనోళ్లు. క్యాన్సిలేషన్ ఫారంల కూడా నాకు రావాల్సినయి వచ్చినయి అన్న మాట ఉంటది. అందుకే దాన్ని కూడా ఊరికే పెట్టొద్దు. ఎంత ఒత్తిడి చేసినా సంతకం పక్కన "డబ్బు ఇంకా అందలేదు" అని చేత్తో రాసి తేదీ వేస్తే ఉత్త సంతకం కంటే నయం. అసలు పెట్టకుంటే ఇంకా నయం.

ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 14 రోజుల్ల అన్నీ ఇచ్చెయ్యాలె. ఆగస్టు 31 ఆఖరి రోజైతే సెప్టెంబర్ 14 గడువు. గడువు దాటినంక మోహ్రేల (ఎమిరేట్స్ కార్మిక శాఖల) ఫిర్యాదు పెట్టుండ్రి. ఆగస్టు జీతం కూడా అదే ఫిర్యాదుల రాయుండ్రి.

ఫిర్యాదు మోహ్రే యాప్‌ల పెట్టొచ్చు, 80084కు ఫోన్ చేసి కూడా పెట్టొచ్చు. లేబర్ కార్డు నంబరు, పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ, నడిచే ఫోన్ నంబరు కావాలె. ఫోన్ నంబరు ముచ్చట చిన్నదనుకోవద్దు. కంపెనీ సిమ్ ఇచ్చి పెట్టి, క్యాన్సిల్ అయినంక సిమ్ బంద్ చేస్తే విచారణ ఫోన్ రాదు, రానోని కేసు మూసేస్తరు. సొంత సిమ్ ఇయ్యాలె.

అడిగేది ఒక్కో పద్దు విడిగా రాయాలె: గ్రాట్యుటీ ఇంత, లీవు ఇంత, ఓటీ ఇంత, ఆగస్టు జీతం ఇంత, విరిచిన వీసా ఖర్చు ఇంత అని. మొత్తం 9,714 అని ఒక్క అంకె ఇస్తే, కంపెనీ వచ్చి "ఇప్పటికే 2,340 ఇస్తమన్నం" అని దాని చుట్టే బేరం పెడ్తది.

జగిత్యాల_బావ:

మస్తు థాంక్సన్నా అందరికీ. ఒక చిక్కు వచ్చింది. యాప్‌ల కాంట్రాక్టు తీసి చూస్తే బేసిక్ 1,000 అనే ఉంది. 2022ల 200 పెంచిండ్రు, స్లిప్‌ల 1,200 బేసిక్ అని వస్తది గానీ కాంట్రాక్టు మార్చలేదట. ఇప్పుడు లెక్క దేని మీద?

లెక్కలమాస్టారు:

ఇది చాలాచోట్ల జరిగేదే. పెంచిన మొత్తాన్ని కాంట్రాక్టులో ఎక్కించరు, లేదంటే అలవెన్సు పేరుతో వేస్తారు. అలవెన్సు అని వేస్తే గ్రాట్యుటీకి దాని మీద పైసా రాదు. మీ స్లిప్‌లో బేసిక్ కిందే 1,200 ఉంది కాబట్టి మీది మెరుగైన పరిస్థితి.

బేసిక్ 1,000 అనుకుంటే గ్రాట్యుటీ 4,845, లీవు 1,500, ఓటీ 500, జీతం 1,500, మొత్తం 8,345. అంటే ఈ ఒక్క అంకె దగ్గర 1,369 దిర్హాముల తేడా.

కానీ మీరు మొదట రాసింది మళ్లీ చూడండి. కంపెనీ కాగితంలో 126 రోజులకు 5,040 వేశారు. అంటే రోజుకు 40. 40ని 30తో గుణిస్తే 1,200. బేసిక్ 1,200 అని కంపెనీయే తన చేత్తో రాసిచ్చింది. ఆ కాగితం ఫొటో ఇప్పుడే తీసి, మీ ఫోన్‌కు పంపించుకోమనండి. సంతకం పెట్టకపోతే వెనక్కి లాక్కునే కాగితం అది. వెనక్కి ఇచ్చేసి ఉంటే హెచ్ఆర్‌కు "ఫలానా తేదీన మీరిచ్చిన లెక్కలో రోజుకు 40 చొప్పున 5,040 అని ఉంది, మిగతా పద్దులు సరిచేయండి" అని మెయిల్ పెట్టించండి. వాళ్లు జవాబు ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆ మెయిల్ పనికొస్తుంది.

దానికి తోడు గత ఏడాది జీతం స్లిప్పులు, సాలరీ కార్డు స్టేట్‌మెంటు. ఓటీకి టైం షీట్ల ఫొటోలు కావాలి, ఫోర్‌మన్ సంతకం ఉన్నవైతే మేలు. ఓటీ దగ్గర ఓడిపోయేది ఇక్కడే: 96 గంటలు చేశాననడం వేరు, ఏ రోజు ఎన్ని గంటలో చూపడం వేరు.

కరీంనగర్_కుర్రాడు:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఫిర్యాదు పెడితే అబ్‌స్కాండ్ (పని వదిలి పారిపోయాడని కేసు) వేస్తామని బెదిరిస్తారు కదా? అట్లాంటప్పుడు క్యాంపు వదిలి ఫ్రెండ్ రూమ్‌కు పోతే మంచిదా?

సోనాపూర్_సీనియర్:

పోవద్దు తమ్మీ. డ్యూటీల ఉన్నోడు క్యాంపు విడిచి పోతే వాళ్ల పని సులువు చేసినట్టే. వరుసగా ఏడు రోజులకు మించి కారణం చెప్పకుండా డ్యూటీకి రాకపోతే నోటీసు లేకుండనే తీసేయొచ్చు. అట్ల చట్టవిరుద్ధంగ పని వదిలినోనికి ఏడాది దాక కొత్త వర్క్ పర్మిట్ రాదు. ఖల్లివెల్లి (కంపెనీ విడిచి కాగితాలు లేకుండ తిరిగేటోడు) అయినంక హక్కుల ముచ్చట ఎవడూ ఇనడు.

చెయ్యాల్సింది: రోజూ డ్యూటీకి పోవాలె, గేటు కాడ పంచ్ చెయ్యాలె, పంచ్ మిషన్ పనిచెయ్యకపోతే సైట్ల నిలబడి టైమ్ కనపడేటట్టు ఫొటో తీసి హెచ్ఆర్‌కు వాట్సాప్ పెట్టాలె. డ్యూటీ ఇయ్యకుంటే "వచ్చిన, పని ఇయ్యలేదు" అని అదే రోజు మెసేజ్. ఫిర్యాదు నంబరు, తేదీ దగ్గర పెట్టుకో. వాళ్లు తర్వాత అబ్‌స్కాండ్ వేసినా, అంతకుముందే ఫిర్యాదు ఉందని చూపొచ్చు.

పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటే అది కూడా ఫిర్యాదుల రాయి. పనివాని కాగితాలు పట్టుకునే హక్కు కంపెనీకి లేదు.

తూ_గో_జి:

ఫిర్యాదు పెట్టాక ఏం జరుగుతుందో కూడా చెబుతాను. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, 14 రోజుల్లో తేల్చాలి. ఫోన్లోనే ఇద్దరితో మాట్లాడతారు చాలాసార్లు. హిందీ వస్తే చాలు, ఇంగ్లీషు రాదని భయపడక్కర్లేదు. రాజీ కుదరకపోతే, 50,000 దిర్హాముల లోపు తగాదాల్లో 2024 జనవరి నుంచి మోహ్రేనే తీర్పు ఇస్తుంది, దాన్ని కోర్టు ఉత్తర్వులాగే అమలు చేయించుకోవచ్చు. నచ్చనివాళ్లు 15 పనిరోజుల్లో ఫస్ట్ ఇన్‌స్టెన్స్ కోర్టుకు వెళ్లొచ్చు. 50,000 దాటితే, రాజీ కుదరకపోతే, నేరుగా కోర్టుకే పంపిస్తారు. లక్ష దిర్హాముల లోపు కార్మిక కేసులకు కోర్టు ఫీజు లేదు. కాబట్టి "కేసు వేస్తే వచ్చేదానికన్నా ఖర్చే ఎక్కువ" అనే మాట నమ్మకండి.

రాజీలో ఒక్క జాగ్రత్త. "ఎంతకు ఒప్పుకుంటావు" అని అడగ్గానే గుండ్రంగా 7,000 అనేస్తారు మనవాళ్లు. ఏ పద్దు వదులుకుంటున్నారో ముందే మనసులో పెట్టుకోండి. టికెట్ వదులుకుంటే ఒక అర్థం ఉంది. గ్రాట్యుటీ, జీతం పద్దులు కాగితం మీద రుజువయ్యేవి, వాటిలో తగ్గాల్సిన పని లేదు.

ఈ లెక్కంతా మెయిన్‌ల్యాండ్ కంపెనీలకు. ఫ్రీజోన్‌లో (సొంత అథారిటీ కింద నడిచే ప్రత్యేక వ్యాపార ప్రాంతంలో) ఉంటే చట్టం ఇదే గానీ ఫిర్యాదు ముందు ఆ ఫ్రీజోన్ అథారిటీకి వెళ్లాలి. దుబాయ్‌లో డీఐఎఫ్‌సీకి, అబుధాబిలో ఏడీజీఎమ్‌కు (ఈ రెండూ ఆర్థిక ఫ్రీజోన్లు) సొంత చట్టాలున్నాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు విడిగా 2022 నాటి చట్టం ఉంది, పై లెక్క వాళ్లకు వేసుకోకండి.

జగిత్యాల_బావ:

కాగితం ఫొటో దొరికింది, వాట్సాప్‌ల పంపిచ్చిండు. సంతకం పెట్టలేదు. ఆఖరి ప్రశ్న: వాళ్ల అమ్మకు ఆపరేషన్ ఉంది, అక్టోబర్‌ల రాక తప్పది. కేసు తేలకముందే వచ్చేస్తే పైసలు పోయినట్టేనా?

లెక్కలమాస్టారు:

పోవు. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్ల లోపు క్లెయిమ్ పెట్టొచ్చు. ఇంతకుముందు ఏడాదే ఉండేది, 2024లో సవరించారు. అంటే మీవాడికి 2027 ఆగస్టు చివరి దాకా గడువు ఉంది. అయినా ఫిర్యాదు అక్కడ ఉన్నప్పుడే పెట్టి నంబరు తీసుకుని రావడం ఎంతో తేలిక.

వచ్చే ముందు దుబాయ్‌లోనే నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వమనండి, అక్కడి నోటరీ దగ్గర అరబ్బీలో. ఊరికి వచ్చాక రాస్తే దారి పొడుగు: ఇక్కడ నోటరీ, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆపైన ఎమిరేట్స్ కాన్సులేట్ ముద్ర. హైదరాబాద్‌లోనే 2023 నుంచి వాళ్ల కాన్సులేట్ ఉంది కాబట్టి ఢిల్లీ పోనక్కర్లేదు. అక్కడికి పంపాక మళ్లీ వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర, అరబ్బీ అనువాదం. అపోస్టిల్ (ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య కాగితాలకు చెల్లే ఒకే ధ్రువీకరణ ముద్ర) వేయించి పంపితే చెల్లదు, ఎమిరేట్స్ ఆ ఒప్పందంలో లేదు. ఏజెంట్లు "అపోస్టిల్ చేస్తే చాలు" అని డబ్బు తీసుకుని పంపేస్తారు, అక్కడికి వెళ్లి తిరిగొస్తుంది.

పవర్ ఆఫ్ అటార్నీలో మూడు పనులు విడివిడిగా ఉండాలి: ఫిర్యాదు నడపడం, రాజీకి ఒప్పుకోవడం, డబ్బు తీసుకోవడం. మూడోది మరిచిపోతే తీర్పు వచ్చాక చెక్కు ఎవరికివ్వాలో తేలక ఆగిపోతుంది. అసలు డబ్బు ఆయన ఖాతాకే వచ్చేలా రాయిస్తే ఇంకా మంచిది. దానికోసం అక్కడి బ్యాంకు ఖాతా, సాలరీ కార్డు మూసేయకుండా ఉంచాలి.

సోనాపూర్_సీనియర్:

వీసా క్యాన్సిల్ అయితే క్యాన్సిలేషన్ కాగితం మీద ఎన్నటి దాక ఉండొచ్చో ఆ తేదీ చూసుకోమను, దాటితే రోజుకు 50 దిర్హాముల ఫైన్. భాషతోటి గానీ కాగితాలతోటి గానీ అడ్డం పడితే దుబాయ్ కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, 800 46342, ఫ్రీ నంబరు. లీగల్ సలహా కూడా చెప్తరు. ఇంటికాడ నుంచి అయితే మదద్ పోర్టల్ల (మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ల) మోహ్రే ఫిర్యాదు నంబరు వేసి పెట్టు, ఉత్తగ "కంపెనీ పైసలిస్తలేదు" అని రాస్తే తిరిగి మళ్లా అదే నంబరు అడుగుతరు.